వెచ్చటి గోడ

అమెరికాలో, ఆల్ఫారెట్టా ఊళ్ళో మా సబ్‌డివిజన్ కాలనీ చివర, రోడ్డు గుండ్రంగా తిరిగి ఆగిపోయే చోట ఒక ఇల్లుంది. దాని మాటెత్తితే పట్టపగలు కూడా మనవాళ్ళు గొంతు తగ్గించేవాళ్ళు. రెండేసి మాస్టర్స్ డిగ్రీలున్న మహానుభావులే! పగలంతా లాజిక్ అమ్ముకుని బతుకుతారు, చీకటి పడితే ఆ ఇంటి ముందు కారు స్పీడు పెంచేస్తారు.

"చలికాలంలోనే తిరుగుతుందట..." అని పాట్‌లక్ విందుల్లో గుసగుసలు. వేసవిలో ఎందుకు తిరగదు? దెయ్యం కూడా వెకేషన్‌కి వెళ్తుందా? ఒక్కరూ అడగలేదు.

ఆ ఇల్లు మొదట గోపాల్‌ది. హైదరాబాద్ నుంచి వాస్తు సిద్ధాంతి ఫోన్లో చెప్పినట్టల్లా పగలగొట్టించి, మళ్ళీ కట్టించి, 'పర్‌ఫెక్ట్ వాస్తు' అంటూ ఊరందరికీ తిప్పి చూపించాడు. ఆ తర్వాత ఒక చలికాలం గడిచిందో లేదో, పెళ్ళాం పిల్లలతో పక్క వీధిలో కొత్తింటికి పారిపోయాడు. అద్దెకొచ్చినవాళ్ళు లీజు మధ్యలోనే పెట్టె సర్దుకున్నారు. మార్కెట్ పడిపోయినప్పుడు అది చవగ్గా వస్తే శ్రీరామ్ కొనేశాడు. వాస్తు ఖర్చు కూడా కలిసొచ్చిందని అతని సంబరం.

శ్రీరామ్ భార్య ఉషా నిండు గర్భిణి. మెట్లెక్కలేక కింద వెనకవైపు గదిలో పడుకునేది.

2010 జనవరిలో మొదలైంది. రాత్రయితే గోడలో ఠక్... ఠక్... మని చప్పుడు. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు బరువు. కళ్ళు తెరిస్తే మూలన ఒక మనిషి నిలబడి ఉండేవాడట. పొద్దున లేస్తే తల పగిలిపోయే నొప్పి.

శ్రీరామ్ ఏం చేశాడు? పదిమందికీ తెలిస్తే నవ్వుతారని భార్యని ఇంకో ఇంటికి పంపలేదు. అదే సిద్ధాంతికి ఫోన్ చేశాడు. అది లోపలికి రాకుండా కిటికీ సందులన్నీ మూసేయమన్నాడాయన. మన ఇంజనీరు బుద్ధిగా టేపు అంటించాడు.

ఇక అక్కడినుంచి ప్రమోద గారు చెప్పింది చెప్తాను. మా కాలనీలో పెద్దావిడ, పిరికిది కాదు. ఉషాకి తోడు పడుకోమని శ్రీరామ్ బతిమాలితే వెళ్ళింది. రాత్రిపూట ఆవిడ డ్రైవ్ చేయదు కాబట్టి భర్త హరనాథ్ గారు కూడా వెళ్ళారు. అదే శ్రీరామ్‌కి దెయ్యాన్ని మించిన బాధ. ఎందుకంటే హరనాథ్ గారు కరెంటు ప్లాంట్లలో బాయిలర్లు చూసి రిటైరైన మనిషి, ఆయనకి లోకంలో ఒకటే టాపిక్ – 'కగా' అనే పాత జపాన్ విమానవాహక నౌక. ఆయన కనిపిస్తే జనం ప్లేట్లు పట్టుకుని పక్కకి తప్పుకునేవాళ్ళు.

హాల్లో శ్రీరామ్ దొరికిపోయాడు.

"అసలది యుద్ధనౌకోయ్. యుద్ధనౌకలు తగ్గించుకోవాలని దేశాల మధ్య ఒప్పందం కుదిరి, పగలగొట్టేయాల్సిన ఓడ. ఇంకో ఓడని విమానాల కోసం మారుద్దామనుకుంటే అది భూకంపంలో దెబ్బతింది. దాంతో దీన్ని మార్చారు. పైన విమానాలు దిగాలి కదా, పొగ పైకి వదలకూడదు. అందుకని ఆ తెలివిగలవాళ్ళు పొగగొట్టాల్ని పడుకోబెట్టి, ఓడ పక్కలంట వెనక్కి లాగారు! పక్క గదుల్లో నావికులు ఉడికిపోయారు..."

"అంకుల్, ప్లీజ్... నాకు మార్నింగ్ కాల్ ఉంది."

గదిలో లైటు తీసేశారు. మంచం పక్క కుర్చీలో ప్రమోద గారు.

ఠక్...

"వచ్చింది ఆంటీ," అంది ఉషా సన్నగా.

ఠక్... ఠక్...

ప్రమోద గారు చీకట్లో చెయ్యి చాపి గోడని తాకింది. బయట గడ్డకట్టే చలి. గోడ మాత్రం వెచ్చగా ఉంది... అవతల ఎవరో వీపు ఆనించి నిలబడ్డట్టు.

చెయ్యి లాక్కుంది. తల తిరుగుతోంది. లేవబోతే కాళ్ళు రాలేదు. మూలన – అవును, ఆవిడకీ కనిపించాడు – ఒక మనిషి. కదలడు. చూస్తున్నాడు.

"ఏవండీ..." అని గొణిగింది. మళ్ళీ పిలిచింది. "ఏవండీ!"

హరనాథ్ గారు విసుక్కుంటూ వచ్చి తలుపు తీశారు.

"గోడ... వెచ్చగా ఉందండీ..."

ఆయన అరచెయ్యి గోడకి ఆనించారు. అలాగే పక్కకి జరిపారు. ఇంకా జరిపారు... మంచం తలవైపు నుంచి వెనక మూలదాకా.

"దీని పైన ఏముంది?"

"పూజగది అంకుల్," అన్నాడు వెనకే వచ్చిన శ్రీరామ్. "ఇల్లు వేడిచేసే గ్యాస్ ఫర్నేస్‌ని గోపాల్ వాళ్ళు కింద ఆగ్నేయం మూలకి మార్పించారు. పూజగదిలోంచి పొగగొట్టం వెళ్ళకూడదని..."

"గోడలో పడుకోబెట్టారు," అన్నారు హరనాథ్ గారు. "గ్యాస్ అలారం ఏదీ?"

"గృహప్రవేశం రోజు హోమం పొగకి ఒకటే అరుపు... తీసి డ్రాయర్లో పడేశాం."

"సన్నాసీ! ముందు ఆ అమ్మాయిని బయటికి తియ్యి!"

ఇద్దర్నీ లాన్‌లోకి మోసుకొచ్చారు. హరనాథ్ గారు అలారంలో బ్యాటరీ వేసి గది గుమ్మంలోంచి లోపలికి విసిరారు. అది నేల మీద పడి కాసేపు ఊరుకుంది... ఆపైన వీధి వీధంతా లేచేలా అరిచింది.

ఫైరింజన్ వచ్చింది. గోడ కోసి చూస్తే, వేడికి సాగి ఠక్ ఠక్‌మని కొట్టుకునే పైపు అతుకు ఊడిపోయి ఉంది. ఇంట్లోకి వచ్చేదంతా కార్బన్ మోనాక్సైడ్, వాసన లేని విషం. దాని మత్తులోనే మూలన మనుషులు కనిపిస్తారట. "ఇంకో గంట పడుకుని ఉంటే ఈ అమ్మాయి..." అన్నాడు ఫైర్‌మన్. శ్రీరామ్ తల పట్టుకుని గడ్డి మీద కూలబడ్డాడు. ఆక్సిజన్ పెట్టి ఉషాని తీసుకెళ్ళారు. ఆమెకి తర్వాత పండంటి పాప పుట్టింది, అది వేరే సంగతి.

ఈలోగా దెయ్యాన్ని చూద్దామని మనవాళ్ళంతా జాకెట్లేసుకుని చేరారు. ముందు వరసలో గోపాల్.

"ఈ పైపు వేయించిన పుణ్యాత్ముడు నువ్వేనా?" అన్నారు హరనాథ్ గారు. "జపాన్‌వాళ్ళు నయం. తప్పు తెలిశాక ఆ గొట్టాలు పీకేసి ఓడని మళ్ళీ కట్టుకున్నారు. నువ్వేమో దెయ్యం అని పేరు పెట్టి అమ్ముకున్నావు!"

గోపాల్ చూపు ఫైర్‌వాళ్ళు బయట పడేసిన పైపు ముక్క మీదే ఉండిపోయింది.

"ఏమోయ్?"

"కొత్తింట్లో కూడా... ఆయన చెప్పినట్టే మార్పించాను అంకుల్," అన్నాడు నెమ్మదిగా. "పిల్లలు పడుకుని ఉన్నారు."

అని పరిగెత్తాడు. చెప్పులు అక్కడే ఉండిపోయాయి.

అప్పుడు గమనించిందట ప్రమోద గారు – జనం పలచబడిపోతున్నారు. అందరికీ సిద్ధాంతి ఆ ఒక్కడే. ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క లైటు వెలిగింది.

ఫైరింజన్ బయల్దేరబోతుండగా పక్క వీధిలోంచి గోపాల్ కేక వినిపించింది.

"గోడ వెచ్చగా ఉంది...!"