నూర్‌లీ వసారాలో బూట్ల చప్పుడు

మా లోయ ఉల్వ్‌దాల్‌లో నూర్‌లీ ఇంటికి మంచి పేరు లేదు. చలికాలంలో మూడింటికే చీకటి పడుతుంది కదా, ఆ తర్వాత ఆ వసారా ముందుకు రమ్మంటే కుక్కలు కూడా మొండికేస్తాయి. లోపల మనుషులు లేరు. అయినా ఎవరో వసారాలో బూట్లకున్న మంచు దులుపుకుంటారు... ధబ్... ధబ్...

కరెంటు కోసం ఆనకట్ట కట్టి సరస్సు నీళ్ళు పెంచినప్పుడు పాత నూర్‌లీ ఉన్న చోటు మునిగిపోయింది. ముందే విప్పిన ఆ ఇంటి దుంగలే పైకి మోసుకొచ్చి దీన్ని కట్టారు. అందుకే చనిపోయిన పాతవాళ్ళు ఇల్లు వెతుక్కుంటూ వస్తారని కొందరంటారు.

నేను విన్నది వేరు. చెప్పినవాడు అస్లాక్. ఇదంతా మొదలైన సాయంత్రం ఆ ఇంట్లో ఉన్నది అతనూ, అతని వదిన రాగ్నా.

మాది నాలుగు వందల మంది ఉన్న మునిసిపాలిటీ. ఎనిమిది వందల చదరపు కిలోమీటర్లు. మనిషికి రెండేసి — గొంతు చించుకున్నా పక్కవాడికి వినపడదు. దీన్ని కనుమ అవతలి పట్నంలో కలిపేద్దామన్నప్పుడు సభలో అస్లాక్ సరేనని చెయ్యెత్తాడు. అతని అన్న హాల్వార్ ఎత్తలేదు. కలిపిన మొదటి చలికాలమే మంచు తోసే బండి చర్చి దగ్గరే వెనక్కి తిరిగిపోవడం మొదలైంది. హాల్వార్ కారు అక్కడ వదిలి, సరస్సు ఒడ్డు వెంట నూర్‌లీలోని తన ఇంటికి నడిచేవాడు. పట్నం ఆఫీసులో ఉద్యోగానికి పోయిన తమ్ముడితో మాటలు మానేశాడు.

ఆ రోజు అన్నతో రాజీ పడదామనే అస్లాక్ స్కీల మీద వచ్చాడు. హాల్వార్ ఇంకా రాలేదు. బయట మంచుగాలి.

ధబ్... ధబ్...

గొళ్ళెం కదిలింది. ఆగిపోయింది.

అస్లాక్ లేచాడు.

"కూర్చో మరిదీ," అంది రాగ్నా, కాఫీ గిన్నె పొయ్యి మీద పెడుతూ. "ముందొచ్చేవాడులే."

మా వైపు ప్రతి ఇంట్లోనూ ఉన్నదే ఇది. మనిషి ఇంకా దారిలో ఉండగానే అతని చప్పుడు ఇల్లు చేరుతుంది. తలుపు తీస్తే ఎవరూ ఉండరు. మేం భయపడం. కాఫీ పెడతాం. అది మరిగేలోగా అసలు మనిషి వస్తాడు.

"ఓసారి చూస్తే పోయేదేముంది వదినా?"

"పట్నం ఆఫీసులో కూర్చుని ఇదీ మర్చిపోయావా? దారి మర్చిపోయినట్టే?"

అస్లాక్ కూర్చున్నాడు.

మళ్ళీ చప్పుడు. ఈసారి నెమ్మదిగా... తలుపును ఏదో రాసుకున్నట్టు...

"ఇవాళ రెండుసార్లు!" రాగ్నా నవ్వింది. "నువ్వొచ్చావని వాసన పట్టినట్టున్నాడు. తిట్టడానికి తొందర."

ఆమె మూడు కప్పులు పెట్టింది. కాఫీ మరిగింది. చిక్కబడింది. హాల్వార్ రాలేదు.

"దారిలో ఏమైనా..." అంటూ అస్లాక్ తలుపు తోశాడు. కదల్లేదు. మంచు పేరుకుందనుకుని భుజం ఆనించి తోశాడు. వేలెడు సందు వచ్చింది. లాంతరు పెట్టి చూశాడు —

గడప మీద హాల్వార్. వీపు తలుపుకి ఆనించి కూర్చుని ఉన్నాడు. నడుము దాకా బట్టలు మంచుగడ్డ కట్టి రేకులా అయిపోయాయి.

చలికాలంలో ఆనకట్టవాళ్ళు నీళ్ళు వదిలేస్తారు. ఒడ్డున గడ్డకట్టిన మంచు కింద నీళ్ళు దిగిపోయి బోలుగా మిగులుతుంది. అక్కడే దిగబడ్డాడు. ఎలాగో పైకొచ్చాడు, ఇంటిదాకా నడిచాడు. కానీ కొయ్యబారిన వేళ్ళకు గొళ్ళెం లేవలేదు. దవడలు బిగిసి పిలుపు రాలేదు. కాళ్ళు మాత్రం ఆడాయి. వాటితో నేలకేసి కొట్టాడు. తర్వాత మోచేత్తో తలుపు రాశాడు...

అస్లాక్ కిటికీలోంచి దూకి, అన్నను లోపలికి ఈడ్చుకొచ్చి బల్ల మీద పడుకోబెట్టాడు. ఊపిరి లేదు.

రాగ్నా ఏడవలేదు. భర్త వేళ్ళు తన చేతుల్లోకి తీసుకుని చాలాసేపు రుద్దింది.

"దెయ్యాన్ని గుర్తుపట్టానయ్యా అస్లాక్..." అంది చివరికి, గుసగుసగా. "మొగుణ్ణి గుర్తుపట్టలేకపోయాను."

గాలి తగ్గింది. అప్పుడు —

వసారాలో ధబ్... ధబ్...

గొళ్ళెం కదిలింది.

ఇద్దరూ బల్ల వైపు చూశారు. హాల్వార్ అక్కడే ఉన్నాడు.

"వద్దు వదినా..."

రాగ్నా అప్పటికే పరుగెత్తి తలుపు బార్లా తీసేసింది.