దుర్గకు పోసిన నీళ్లు

కావలిలో మా హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ ఒక చిన్న గది. నేనూ పరంజ్యోతక్కా ఫోన్లు తీస్తాం. ఎక్కువమంది అడిగేది ఒకటే... ముట్టుకుంటే వస్తుందా? రాదని చెబుతాం. మళ్లీ అదే అడుగుతారు.

వాయుగుండం పట్టిన మధ్యాహ్నం. కరెంటు పోయింది. కిటికీ సందుల్లోంచి తడి మట్టి వాసన వస్తోంది. ఫోన్ మోగింది.

"వాణక్కా, నేను దుర్గని."

తెలిసిన గొంతే. బోగోలు దగ్గర పట్టపుపాళెం అనే జాలర్ల పల్లె పిల్ల. మొగుడు ఆ జబ్బుతోనే పోయాక, అత్త నాగులమ్మ ఆ పిల్లను వలల కొట్టంలో పెట్టింది. అన్నం గడప అవతలి నుంచే తోసేది. మందులకు ఆస్పత్రికి పోనిచ్చేది కాదు. మేం పోయి బతిమాలితే ఊరి పెద్దలు తలలూపారు. అంతే.

"చచ్చినాక కూడా అంటుకుంటదా అక్కా?" గుసగుసగా అడిగింది.

"ఆ మాటలెందుకమ్మా... మేం వస్తున్నాం."

"అంటుకోదని మా అత్తకు చెప్పు. నీళ్లు పొయ్యమను."

సముద్రపు హోరు వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది.

మేం ఆటోలో చేరేసరికి వాన వెలిసింది. ఆకు కదలడం లేదు. కొట్టానికి దూరంగా జనం ముక్కులు మూసుకుని నిలబడ్డారు.

"నిన్న పొద్దున పోయినాది" అంది నాగులమ్మ. "ఎవురూ మొయ్యమంటుండారు."

"ఇందాకే నాతో మాట్లాడింది!"

"ఏ ఫోన్లో? దాన్ని మొన్ననే గుంజి సముద్రంలో పారేసినా."

పరంజ్యోతక్క సంచిలోంచి గ్లౌజులు తీసి, జనాన్ని చూసి మళ్లీ సంచిలోనే వేసేసింది.

లోపల చీకటి. నాచు పట్టిన వలల వాసన... దాని కింద ఇంకో వాసన. బిందె అడిగితే ఒక్కరూ ఇవ్వలేదు. పగిలిన ప్లాస్టిక్ డబ్బాతోనే నీళ్లు మోసి పోశాం. జుట్టు దువ్వాం. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

బయటికొచ్చి అన్నాను, "చూశావుగా నాగులమ్మా, ముట్టుకుంటే అంటుకోదు."

"నేను మాత్రం దాన్ని ముట్టుకోలా" అంది, గొప్ప చెప్పుకుంటున్నట్టు.

అంటూనే ఇంటివైపు తిరిగి అడుగేసింది. ఆగిపోయింది. పైట కొంగు వెనక్కి బిగుసుకుని నిలిచింది...

"ఎవురది? వదలండి" అంది, విసుగ్గా, తిరిగి చూడకుండానే.

జనం ఇంకా దూరంగానే ఉన్నారు. గాలి లేదు. ఆమె ఇంకో అడుగు వేసింది.

కొంగు ఇంకా బిగిసింది.