తిరగరాసే కార్డు

మినీ కంప్యూటర్ డిజైనర్‌ని ఉదయం తొమ్మిదింటికి కాల్చి చంపేశారు. పదింటికల్లా చీఫ్ అతని తమ్ముడిని పిలిపించాడు. తమ్ముడు సీక్రెట్ ఏజెంట్.

"ఏడవడానికి టైమ్ లేదయ్యా," అన్నాడు చీఫ్, తలెత్తకుండా. "విదేశాల్లో ఉన్న మన పదకొండు మంది పేర్లు మీ అన్నయ్య మెషీన్‌లో ఉన్నాయి. ల్యాబ్ ఇప్పుడు శత్రు ముఠా చేతిలో ఉంది. పోలీసులు కనిపిస్తే మెమొరీ పెట్టె పీక్కుని పారిపోతారు. మధ్యాహ్నం లారీ వస్తోంది."

"ఒక్కణ్ణే వెళ్తాను, సార్."

"కరెంటు తీసేస్తే పేర్లు చెరిగిపోవూ?"

"పోవు. అది కోర్ మెమొరీ, నాలుగు వేల తొంభై ఆరు గళ్ళు. తీగలకి గుచ్చిన అయస్కాంతపు పూసలు. కరెంటు పోయినా మరిచిపోవు. చదివితేనే చెరుగుతాయి. చదివిన మరుక్షణం ఒక సర్క్యూట్ కార్డు వాటిని ఉన్నవి ఉన్నట్టే తిరగరాసేస్తుంది."

గంటలో ఏసీ మెకానిక్ ఒకడు ల్యాబ్ గేటు దగ్గర ముఠా కోడ్ వర్డ్ చెప్పి లోపలికి నడిచాడు. పెట్టుడు మీసం, గ్రీజు మరకల చొక్కా.

బీరువా అంత మెషీన్. ముందు వరసగా స్విచ్‌లు, దీపాలు. వెనక తలుపు తీస్తే కార్డులు. ఒక్కో కార్డు అంచున అన్నయ్య చేతిరాతలో నంబరు. పవర్ ఆపి, తిరగరాసే కార్డు ఊడలాగి, మళ్ళీ పవర్ ఇచ్చాడు. ఇక టెస్ట్ స్విచ్ నొక్కితే చాలు. మెషీన్ మెమొరీ మొత్తం ఒకసారి చదివేస్తుంది, తిరగరాసే కార్డు లేదు కనక అంతా చెరిగిపోతుంది.

"మీసం బాగుంది, మరిదిగారూ."

వదిన. నల్ల కళ్ళద్దాలు, పట్టు స్కార్ఫు, చేతిలో పిస్టల్. ముఠాలో మన మనిషి అనుకున్నారందరూ. నిజానికి మనలో ముఠా మనిషి.

"అన్నయ్యని నువ్వే చంపించావా?"

"తాళాలే ఇచ్చాను. ప్రాణం జోలికి రామన్నారు. మొన్న ఆయనకి అన్నీ చెప్పేశాను. జవాబు మెషీన్‌లో రాశానన్నారు. ఎదురుగా మాట్లాడటం ఆయనకెప్పుడొచ్చింది కనక? నీకూ ఒక ఉత్తరం ఉందట. ఆ కార్డు మళ్ళీ దాని చోట పెట్టెయ్. నన్ను క్షమించారో లేదో తెలీకుండా ఎలా బతకను?"

బయట లారీ హారన్ మోగింది. మెట్ల మీద బూట్ల చప్పుడు.

అతనికీ చదవాలనే ఉంది. ఒక్క మాటైనా. కానీ ఆ పదకొండు మందికీ ఇళ్ళున్నాయి, ఎదురుచూసేవాళ్ళున్నారు.

"కాలుస్తావా, వదినా?"

పిస్టల్ కిందికి దిగింది. అతను స్విచ్ నొక్కాడు. దీపాలు ఒక్కసారి మెరిసి ఆరిపోయాయి. వెక్కివెక్కి ఏడుస్తున్న ఆమెని చెయ్యి పట్టుకుని వెనక మెట్ల వైపు లాక్కుపోయాడు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు.

"మెషీన్‌ని పసిపిల్లలా దుప్పట్లో చుట్టి మరీ పట్టుకుపోయారట. ఇంతకీ వాళ్ళకేం దక్కింది?"

"నాలుగు వేల తొంభై ఆరు సున్నాలు, సార్. వదినకీ నాకూ అవే దక్కాయి."