నాలుగో నిమ్మకాయ

ఆషాఢ బహుళ అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

ప్రచండ మార్తాండుడు నడినెత్తికెక్కి, మనిషి నీడ మనిషి పాదాల కిందే దాక్కునే ఘోర ఘడియ! అర్ధరాత్రికి భయపడి తలుపులు బిగించుకునే జనం ఈ వేళను పట్టించుకోరు. క్షుద్రశక్తులకు మాత్రం రెండూ ఒకటే... పైగా పట్టపగలు వాటిని అనుమానించేవాడు ఉండడు!

నరసరావుపేట, వినుకొండ రోడ్డులో సుభానీ మెకానిక్ షెడ్డు. పెనంలా కాలుతున్న రేకుల మీద ఒక కాకి కూర్చుని ఉంది. అరవటం లేదు... కదలటం లేదు... కింద నిలబడ్డ ఎర్రటి కారు వంకే చూస్తోంది! పడమటి దిక్కున, నల్లమల మీద ఉరుమొకటి గుర్రుమని ఆగిపోయింది.

ఆ కారు యాభై ఏళ్ళ నాటి విలాయతీ స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పైన కప్పు లేదు. స్టీరింగ్ ముందు కూర్చున్న మల్లికార్జునరావుకు చిలకలూరిపేటలో జిన్నింగ్ మిల్లుంది. అతని వయసు యాభై ఐదు. ఆ కారు మీది ఆశకు మాత్రం తొమ్మిదేళ్ళే. తొమ్మిదేళ్ళప్పుడు చూసింది, అప్పటి నుంచీ పెరగలేదు.

"నెల రోజులు కష్టపడ్డా రావుగారూ. కార్బురేటర్లో ఎలక పిల్లల్ని పెట్టింది. బ్రేకు డ్రమ్ములన్నీ తుప్పే." సుభానీ చేతులు తుడుచుకున్నాడు. "కాలి బ్రేకు గట్టిగా కట్టా. చేతి బ్రేకు కేబులే ఇంకా రాలా. ఎత్తు మీద ఆగితే కాలు మాత్రం తియ్యమాకండి."

మల్లికార్జునరావు తల ఊపి, ఎర్రగుడ్డ మూట విప్పాడు. నాలుగు నిమ్మకాయలు!

మన దగ్గర కొత్త బండి ఏదైనా, అది సైకిలైనా సరే, నిమ్మకాయ తొక్కకుండా గడప దాటదు. కాబట్టి ఆ కాయల్ని ఎవరూ వింతగా చూడరు. మూడు టైర్ల ముందు మూడింటిని మల్లికార్జునరావే పెట్టాడు. గోడ పక్కనున్న నాలుగో టైరు దగ్గరకు వంగలేక చివరిది సుభానీకిచ్చాడు. అక్కడే తప్పు చేశాడు. సుభానీ ఎవరు ఏది ఇచ్చినా వేళ్ళ మధ్య తిప్పి చూడనిదే బిగించడు... అది బోల్టైనా, నిమ్మకాయైనా!

ఆ కాయకు చిన్న గాటుంది. గాటును నల్లదారంతో కుట్టారు. కుట్టులోంచి ఒక తెల్ల వెంట్రుక బయటికి తొంగి చూస్తోంది. గాటుపడి చెడిన కాయ పెట్టి బండి తీస్తే తన చేతి పనికే చెడ్డపేరని, సుభానీ దాన్ని జేబులో వేసుకుని, షర్బత్తు కోసం తెచ్చుకున్న సొంత కాయను టైరు ముందు పెట్టాడు. ఆ మాట పైకి చెప్పలేదు.

ఇంజన్ గర్జించింది! కారు కదిలింది! చిట్... చిట్... చిట్... చిట్!

సరిగ్గా అదే క్షణాన, రెండు వీధుల అవతల, డెబ్బై నాలుగేళ్ళ కోటేశ్వరమ్మ నడుస్తున్నది నడుస్తున్నట్టే కూలిపోయింది! మొదటి కాయకు కాళ్ళు పోయాయి. రెండో కాయకు మాట పోయింది. మూడో కాయకు కళ్ళల్లో వెలుగు ఆరిపోయింది. ఆపైన ఆ తల్లి నోరు దానంతటదే తెరుచుకుంది... గొంతులోంచి ఇంజన్ మోత మొదలైంది!

ఆ కారు ఆమెదే. ఆడవాళ్ళు రిక్షా గుడ్డ తొలగించి బయటికి చూడ్డానికే జంకే రోజుల్లో, కోటేశ్వరమ్మ ఆ ఎర్ర కారును తానే నడుపుకుంటూ నరసరావుపేట బజార్లో తిరిగింది. పక్కింటి పిల్లవాడు మల్లిని ఒకనాడు పక్కన కూర్చోబెట్టుకుని కోటప్పకొండకు తీసుకెళ్ళింది. "ఈ కొండ మీద కాకి వాలదురా మల్లీ, చూడు కావాలంటే!" అని ఆకాశం చూపించింది. పిల్లవాడు ఆకాశం చూడలేదు. గేర్లు మార్చే ఆమె చేతినే చూశాడు.

ఐదేళ్ళ కిందట కారు మొరాయించింది. అయినా కోటేశ్వరమ్మ రోజూ సాయంత్రం ఇంటి వెనక షెడ్డులోకెళ్ళి స్టీరింగ్ ముందు కాసేపు కూర్చునేది. మల్లికార్జునరావు అమ్మమని మూడుసార్లు అడిగాడు. "అవి నా కాళ్ళురా. కాళ్ళు అమ్ముకుంటారంటరా ఎవురన్నా?" అని నవ్వి కాఫీ ఇచ్చి పంపింది.

నాలుగోసారి అతను ఆమె ఇంటికి వెళ్ళలేదు. బొల్లాపల్లి దాటి అడవి అంచున ఉండే కపాలాల కాశయ్య దగ్గరకు వెళ్ళాడు... జేబులో ఆమె దువ్వెన నుంచి దొంగిలించిన వెంట్రుకలతో!

తొమ్మిదో రోజున కోటేశ్వరమ్మ రెప్ప వేయకుండా కారు కాగితాల మీద సంతకం పెట్టి తాళంచెవి అందించింది. ఆ చూపులో ఆమె లేదు! అది అతనికి తెలుసు. తెలిసీ తీసుకున్నాడు. "కారు తొలిసారి కదిలే వేళ ఈ నాలుగూ తొక్కించు... ఇంక జన్మలో నీదే!" అని కాశయ్య నిమ్మకాయలిచ్చాడు. తొక్కితే ఏమవుతుందని ఇతను అడగలేదు. అడిగితే తెలుస్తుందని భయపడి అడగలేదు. దానికి అమాయకత్వమని పేరు పెట్టుకున్నాడు, పాపం!

చిలకలూరిపేట రోడ్డు మీద గాలి మొహానికి కొడుతుంటే పసిపిల్లాడిలా నవ్వుతున్నాడు మల్లికార్జునరావు. ఫోన్ మోగింది. కోటేశ్వరమ్మ ఇంట్లో పనిచేసే రాహేలు.

"అయ్యగారూ! పెద్దమ్మగారు పడిపోయినారు! కాళ్ళు లేవు, చూపు లేదు... గొంతులోంచి ఏందో మోత వస్తంది, ఒకసారి ఇనండయ్యా!"

ఫోను చెవికి ఆనించుకున్నాడు. గర్ర్ర్ర్... గర్ర్ర్ర్... మధ్యమధ్య ఒక దెబ్బ తప్పుతోంది. తన కారులోనూ సరిగ్గా అక్కడే తప్పుతోంది! కారును రోడ్డు వారకు తీసి తాళం తిప్పాడు. ఇంజన్ ఆగింది. ఫోనులో మోత ఆగింది!

అప్పుడు ఒక పని చేశాడు. మళ్ళీ స్టార్ట్ చేశాడు! నిజమో కాదో తేల్చుకోవటానికని తనకు తాను చెప్పుకున్నాడు. ఫోనులో వికృతమైన అరుపు... "పెద్దమ్మా! నోట్లోంచి నురగ వస్తంది! దేవా, ఎవురు చేస్తన్నారిది!" అని రాహేలు ఏడుపు!

ఇంజన్ కట్టేసి, కారు దిగి, రోడ్డు పక్కన తుమ్మచెట్టు కింద కూర్చున్నాడు మల్లికార్జునరావు. ఎవరు చేస్తున్నారో, కాశయ్య కాక, ఈ లోకంలో తెలిసినవాడు అతనొక్కడే. ఇంక ఇంజన్ ముట్టుకోలేదు. ట్రాక్టరు పిలిచి, తాడు కట్టించి, పొద్దు వాలే వేళకు కారును సుభానీ షెడ్డుకు లాగించాడు.

అక్కడ అప్పటికే ఒకడు కూర్చుని ఉన్నాడు!

మోకాళ్ళ దాకా జడలు... చింతనిప్పుల కళ్ళు... భుజాన రేకుల మీది కాకి... ఒడిలో పసుపు పూసిన కపాలం! కపాలాల కాశయ్య!

"నాలుగోది ఏదిరా?" షెడ్డు రేకులు అదిరాయి. "మూడే నలిగినయ్! నాలుగోది దాని పానం! పొద్దు గుంకే లోపల ఈ కారు చక్రం కిందే నలగాల! లేదంటే ఆ మూడూ నామీదికి తిరుగుతయ్!"

సుభానీ జేబులో చెయ్యి పెట్టాడు. ఆ కాయ తీసి గుప్పిట్లో పట్టుకున్నాడు. "చెడిందనుకుని మార్చా రావుగారూ. పెద్దమ్మ పానమా ఇది? నేనియ్యను!"

కాశయ్య కపాలాన్ని ఎత్తాడంతే... సుభానీ చెయ్యి వెనక్కి మెలి తిరిగింది. కాయ జారి మాంత్రికుడి అరచేతిలో పడింది!

"కారు ఎక్కు! ఎక్కకపోతే నేనే తోస్తా! ఇక్కడే, ఈ ఏటవాలు మీదే తొక్కిస్తా!"

మల్లికార్జునరావు ఆ కాకిని చూశాడు. నలభై ఆరేళ్ళ కిందటి మాట ఒకటి చెవిలో పలికింది... ఈ కొండ మీద కాకి వాలదురా మల్లీ!

"ఇక్కడొద్దు. జనం చూస్తారు" అన్నాడు. "ఊరి బయట కూడలిలో తొక్కిద్దాం. నేనే నడుపుతా."

సుభానీ అతని వైపు ఎలా చూశాడంటే, ఆ చూపు కంటే చెప్పు దెబ్బ నయం. కాశయ్య పక్క సీట్లోకి ఎక్కాడు. మల్లికార్జునరావు తల దించుకునే తాళం తిప్పాడు. అక్కడ ఆ తల్లి గొంతు చీలుతోందని తెలుసు. ఒక్క అరగంట ఓర్చుకో పెద్దమ్మా అని లోపల్లోపలే వేడుకున్నాడు.

పొలాలు దాటాయి... ఒక కూడలి... ఇంకో కూడలి... ఏదీ ఆగలేదు. ఎదురుగా మూడు శిఖరాల కోటప్పకొండ మబ్బుల్లోంచి నల్లగా లేచింది. కొండ అడుగుకు రాగానే కాకి కావుమని అరిచి, కాశయ్య భుజం చీల్చుకుని వెనక్కి ఎగిరిపోయింది!

"ఆపరా! ఏ దారి ఇది? మోసం!"

కారు ఘాట్ రోడ్డెక్కింది! కాశయ్య మంత్రాలు నోట్లోనే ముక్కలవుతున్నాయి. సగం బలం కొండ కిందే ఉండిపోయింది... కానీ మిగతా సగం చాలదా? రెండో మలుపులో రేడియేటర్ బుస్సుమంది. ఇంజన్ దగ్గి, కుంటి, ఆగిపోయింది!

కారు వెనక్కి జారబోయింది. బ్రేకు మీద కాలు వేసి తొక్కాడు. ఆగింది!

కాశయ్య వికటంగా నవ్వి కిందికి దూకాడు. నిమ్మకాయను వెనక టైరుకు ఆనించి పెట్టాడు. ఒక్క బెత్తెడు... కారు ఒక్క బెత్తెడు జారితే చాలు!

"కాలు తియ్యరా!"

సూర్యుడు పడమట ఇంకా రెండు బారల ఎత్తున ఉన్నాడు. చేతి బ్రేకు లేదు. గేరులో వేసినా ఆ ముసలి గేర్లు బరువు ఆపలేవు. కోటేశ్వరమ్మ ప్రాణానికి అడ్డం అతని కుడికాలొక్కటే!

కాశయ్య కపాలాన్ని నేలకేసి రుద్దాడు. కాలి చుట్టూ కాలసర్పాలు లేచాయి... పాదం కింద పెడల్ నిప్పుకణికయింది... పిక్కలో నరాలు తాళ్ళలా మెలితిరిగాయి! పళ్ళు బిగించాడు. తియ్యలేదు. అప్పుడు కపాలం దవడ కదిలింది. తొమ్మిదేళ్ళ పిల్లాడి గొంతు!

"తియ్యవా? కారు మనదే గదా... జన్మంతా మనదే గదా..."

అది అతని గొంతే! నిప్పుకు చలించని కాలు ఆ మాటకు వణికింది. ఆ క్షణంలో కూడా, అంతా తెలిసీ, కారు కావాలనే అనిపించింది. తన మీద తనకే కలిగిన అసహ్యంతో మల్లికార్జునరావు గుండె పగిలేలా ఏడ్చాడు.

"నేనే చేశా! ఈడు కాదు, నేనే! అన్నం పెట్టిన తల్లి వెంట్రుకలు దొంగిలించి తెచ్చిచ్చింది నేనే! శిక్ష నాకెయ్యి, ఆమెను వదిలెయ్యి! చేదుకో కోటయ్యా!"

కొండ మీది శివుణ్ణి పిలిచిన ఆ అరుపు మూడు శిఖరాలకూ తగిలి తిరిగొచ్చింది. కాలు వణుకు ఆగింది. ఎంతసేపలా తొక్కి పట్టాడో అతనికి తెలియదు. పడమట ఎరుపు ఆరింది... పైన గుడిలో సంధ్య గంట మోగింది... సూర్యుడు గుంకాడు!

ఫెళ్ళున పిడుగు! దిక్కులు తెల్లబోయాయి! కాశయ్య చేతిలో కపాలం వెయ్యి ముక్కలైంది. వాడి కాళ్ళు కూలాయి... అరవబోతే మాట లేదు... కళ్ళు తెల్లగా తేలాయి! తెరుచుకున్న నోట్లోంచి ఇంజన్ మోత... గర్ర్ర్ర్... గర్ర్ర్... కుంటి, దగ్గి, శాశ్వతంగా ఆగిపోయింది! దిక్కుమాలిన శవం ఘాట్ రోడ్డు మీద అడ్డంగా పడింది.

కూడళ్ళన్నీ వెతుక్కుంటూ బైకు మీద అప్పుడే వచ్చిన సుభానీ ముందుగా కాయను తీసి, వెనక టైరుకు పెద్ద రాయి అడ్డం పెట్టాడు. "ఇంక కాలు తియ్యండి రావుగారూ."

తియ్యలేకపోయాడు. సుభానీయే రెండు చేతుల్తో ఆ కాలిని ఎత్తి కిందపెట్టాడు. అది కట్టెలా ఉంది.

మూడో రోజున చంకకర్ర ఊతంతో కోటేశ్వరమ్మ ముందు నిలబడ్డాడు మల్లికార్జునరావు. ఆమెకు చూపొచ్చింది, మాటొచ్చింది, కాళ్ళొచ్చాయి. తాళంచెవి ఆమె పాదాల దగ్గర పెట్టి, దువ్వెన నుంచి కొండ దాకా ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. గుమ్మంలో నిలబడ్డ రాహేలు శాపనార్థాలు పెట్టింది. కోటేశ్వరమ్మ తాళంచెవి చేతిలోకి తీసుకుంది.

"కొంటా, కొంటా అని మూడుసార్లు వచ్చావు" అంది. "నడుపుతా పెద్దమ్మా అని ఒక్కసారి అడిగావంటరా? అడిగితే ఇయ్యనా మల్లీ?"

ఆమె తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని లేచింది.

"ఇంక ఆ కాలుతో ఏం నడుపుతావులే. సుభానీ బ్రేకు బాగా కట్టాడంట గదా... పద, ఎక్కు."

నరసరావుపేటలో ఇప్పుడు సాయంత్రాలు ఆ ఎర్ర కారు కనిపిస్తుంది. నడిపేది ఆమె. పక్కన, తొమ్మిదేళ్ళప్పుడు కూర్చున్న సీట్లోనే, అతను కూర్చుంటాడు. తాళం తిప్పిన ప్రతిసారీ, ఇంజన్ మోగిన ప్రతిసారీ, మల్లికార్జునరావు రోడ్డు వైపు చూడడు. ఆమె పెదాలు మూసుకునే ఉన్నాయో లేదో చూస్తాడు.