కొక్కెం లేని గొలుసు

మా ఎదురింట్లో బస్సు డ్రైవరుంటాడు. హారన్ తప్ప ఇంకేదీ గట్టిగా కొట్టని మనిషి. మొదటి భార్య పోయిన ఏడాదికి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. కొత్తావిడ మంచిదే. కాకపోతే ఆ ఇంట్లో గరిటె పట్టుకున్నా, "ఇది ఆవిడదా?" అని అడిగేది.

ఒకరోజు బీరువాలో ఆమెకో చేతిగొలుసు దొరికింది. కొక్కెం ఉండని రకం. మణికట్టు చుట్టూ పెట్టి, రెండు కొసలనీ చిన్న రింగుతో కలిపి వెల్డింగ్ చేసేస్తారు. ఇక తియ్యడమంటూ ఉండదు. మొదటావిడకి డ్రైవరే వేయించాడు. ఆసుపత్రిలో స్కానింగ్ కోసం నర్సు ఆ రింగు కత్తిరించింది. మళ్ళీ అతికించే అవసరం రాలేదు.

"నాకిదే కావాలి," అంది కొత్తావిడ.

"కొత్తది వేయిస్తాలే."

"ఆవిడకిచ్చింది నాకివ్వరా?"

తోడుకి నన్ను తీసుకెళ్ళింది. కబురు నడిచి ఇంటికొస్తే నేనెందుకు కాదంటాను! షాపతను గొలుసు కింద వేలు దూర్చి, "ఈమాత్రం సందుండాలమ్మా. సరిపోయింది," అన్నాడు. చిటుక్కున రవ్వ లేచింది. వెంట్రుకలు కాలిన వాసన...

"మీ మీసం చూసుకోండి," అన్నాను. అతను నవ్వలేదు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం గడప మీద కూర్చుని, సబ్బునీళ్ళలో చెయ్యి ముంచి, మెత్తటి బ్రష్షుతో గొలుసు తోముకునేది. నాకు కనపడాలిగా మరి. కొన్నాళ్ళకి ఆ సందులో వేలు పట్టడం మానేసింది.

"కొత్త కాపురం ఒంటికి పడుతోందే," అన్నాను.

"లేదు పిన్నీ. గాజులు వదులుగానే ఉన్నాయి," అంది. ముఖం పాలిపోయి ఉంది.

ఆ వారమే వానపడుతున్న ఓ సాయంత్రం కరెంటు పోయింది. "పిన్నీ!" అని అరుపు. టార్చి పట్టుకుని పరుగెత్తాను. కొత్తావిడ గడప మీదే ఉంది. గొలుసు బిగుసుకుపోయి వేళ్ళు నల్లగా కమిలిపోయాయి. లోపల గదిలో డ్యూటీ దిగొచ్చిన డ్రైవరు పడుకున్నాడు. చీకట్లోంచి సబ్బు వాసన. ఏదో చప్పుడు... సర్... సర్... ఎవరో తోముతున్నట్టు.

"ఎవరే అది?"

"పిన్నీ..." గుసగుసగా అంది. "బ్రష్షు నా చేతిలోనే ఉంది."

కత్తెర తెచ్చి రింగు కత్తిరించాను. గొలుసు జారింది. నేల మీద పడ్డ చప్పుడు మాత్రం రాలేదు.

లోపల తోముతున్న చప్పుడు ఆగిపోయింది.

కరెంటు వచ్చింది. గొలుసు ఎక్కడా లేదు. ఇద్దరం గదిలోకి వెళ్ళాం. డ్రైవరు నిద్రపోతున్నాడు. గొలుసు అతని మణికట్టుకి ఉంది. తడిగా. కొలిచి వేసినట్టు, వేలు దూరేంత సందుతో.

మర్నాడు షాపతను భూతద్దం పెట్టి చూశాడు. "అతుకే లేదమ్మా," అన్నాడు. కట్టరు దగ్గరికి తేగానే డ్రైవరు చెయ్యి లాగేసుకున్నాడు.

"ఉండనీ," అన్నాడు.

కొత్తావిడ మొగుడి వైపు చూసిన చూపుకి, అక్కడ వెల్డింగ్ మెషిను అవసరమే లేదు.

ఇప్పుడు సాయంత్రాలు గడప మీద ఇద్దరూ కూర్చుంటారు. డ్రైవరు చెయ్యి చాపుతాడు. ఆమె పళ్ళు బిగబట్టి తోముతుంది. నిన్న నన్ను పిలిచి, "వేలు దూర్చి చూడు పిన్నీ," అంది.

చూశాను. చిటికెన వేలు కూడా దూరలేదు.

కొత్తావిడ మళ్ళీ బ్రష్షు అందుకుంది.

"మెల్లిగా," అన్నాడు డ్రైవరు. "ఆవిడకి నొప్పెడుతుంది."