జోరీ చెయ్యి

1917. ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ తీరం. మధ్యాహ్నం రెండున్నరకి చేపల బుట్టతో వైర్‌లెస్ స్టేషన్లోకి వచ్చిన ఆడమనిషి తలగుడ్డ తీసేసింది. ఏజెంట్ లార్క్! అసలు పేరు మోర్వెన్నా టాంగీ.

"రెండు ఓడలు పోయాయి," అన్నాడు కెప్టెన్ హోస్కిన్, కూర్చోమనైనా అనకుండా. "మన స్టేషన్ పేరుతో ఎవడో దారి మళ్ళించాడు. నేరుగా జర్మన్ సబ్‌మెరైన్ నోట్లోకి!"

"సంకేతపదం అడగలేదా సార్?"

"తెలిసిన చేతిని ఎవరడుగుతారమ్మా?"

అదీ నిజమే. మోర్స్ కీ మీద చుక్కలూ గీతలూ కొట్టడంలో ఒక్కొక్కరిది ఒక్కో తీరు. గొంతు గుర్తుపట్టినట్టే ఆపరేటర్లు చేతిని గుర్తుపడతారు. ఆ తరవాత సంకేతపదం అడిగితే మొహం మీద ఉమ్మినట్టే. ఆ మర్యాదే రెండు ఓడల కొంప ముంచింది.

"ఎవరి చెయ్యి?"

కెప్టెన్ కళ్ళు దించుకున్నాడు. "జోరీది."

జోరీ మోర్వెన్నా మొగుడు. ఆరేళ్ళు ఈ బల్ల ముందే పనిచేసి, ఆమెకీ కీ కొట్టడం నేర్పి, తరవాత ఓడ ఆపరేటర్‌గా వెళ్ళి, రెండేళ్ళ కిందట ఓడతో సహా మునిగిపోయాడు.

"ఎవడో నకలు కొడుతున్నాడు సార్!"

"కావచ్చు. మూడింటికి ఆస్పత్రి ఓడ ఇటు వస్తోంది. ఆరువందల మంది క్షతగాత్రులు. దాని ఆపరేటర్ని నోరెత్తొద్దన్నాం. వాడి బదులు నువ్వు జవాబివ్వు. మూడు నిమిషాలు మాటల్లో పెట్టు చాలు, ఆ సంకేతం ఎక్కణ్ణుంచి వస్తోందో తీరంలో మనవాళ్ళు పట్టేస్తారు. దాన్ని ముంచడానికి డిస్ట్రాయర్ యుద్ధనౌక సిద్ధంగా ఉంది."

"పట్టలేకపోతే?"

"సబ్‌మెరైన్ ఆ నీళ్ళలోనే ఉందమ్మా. ఓడ దక్కదు."

మూడు కొట్టింది. హెడ్‌ఫోన్లో చెయ్యి పలికింది. గీత చివర కాస్త తొందర, చుక్కకి ముందు కాస్త ఆలస్యం. నకలు కాదు, జోరీయే! బతికే ఉన్నాడు. ఆ సబ్‌మెరైన్లోనే జర్మన్లు మెడకి పిస్తోలు ఆనించి కొట్టిస్తున్నారు కాబోలు. ఆమెకి ఏడుపూ భయమూ ఒక్కసారే పొంగుకొచ్చాయి.

కొత్త కుర్రాడిలా తడబడుతూ జవాబిచ్చింది. ఎంత దాచినా తన చెయ్యి తనదే. అవతల ఠక్కున ఆగిపోయింది.

"ఒకటిన్నర నిమిషమే అయింది!" అన్నాడు కెప్టెన్.

జోరీ ఆమెని గుర్తుపట్టేశాడు. ఇక ఆమె ఊరుకుంటే అతను బతుకుతాడు. ఆరువందల మంది పోతారు. మోర్వెన్నా దాపరికం వదిలేసి సొంత చేత్తో కొట్టింది.

"జోరీ, ఆపకు."

అవతల కీ నొక్కుకుంది. మళ్ళీ లేవలేదు. తెగని ఒకే ఒక్క కూత.

"ఏమిటా గోల?"

"దారి చూపిస్తున్నాడు సార్," అంది మోర్వెన్నా. కన్నీళ్ళు తుడుచుకోవడానికి కూడా ఆమెకి చెయ్యి రాలేదు.

రెండున్నర నిమిషాలు. రెండు నిమిషాల యాభై సెకన్లు. "దొరికింది!" అరిచాడు కెప్టెన్. అదే క్షణంలో కూత తెగిపోయింది.

ఇరవై నిమిషాలకి సముద్రం మీద సబ్‌మెరైన్ పేలిన చప్పుడుకి కిటికీ అద్దాలు అదిరాయి. ఆ వెనకే ఆస్పత్రి ఓడ తీరం దాటిపోయింది.

కెప్టెన్ టోపీ తీశాడు. "జోరీ సంగతి నీకు ఆఫీసు తరఫున తంతి పంపించాలమ్మా..."

"ఎందుకు సార్, దండగ! రెండేళ్ళ కిందట పంపినది ఇంకా దాచుకున్నాను. తారీకు దిద్దుకుంటాలెండి."