గట్టు మీద వంపు

ముందే ఒక తప్పు ఒప్పుకుంటాను. ఈ కేసులో అసలు క్లూని చెరిపేసింది నేనే.

కావాలని కాదు. ల్యాండ్ ఆఫీసు మ్యాప్ సెక్షన్‌లో వంకర గీతల్ని సాపు చేయడమే నా ఉద్యోగం. ఒక్క క్లిక్. ఆ క్లిక్కుకి ఒక పెద్దావిడ జైలుకి పోయేదే.

జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఉదయం 7:20. చిత్తడి నేల అంచున, గట్టు కింద, మోకాలి లోతు నీళ్లలో సర్వేయర్ బోర్లా పడి ఉన్నాడు. తల వెనక దెబ్బ. పక్కన రెల్లులో ఒక తెడ్డు. దాని మీద రక్తం. కొలత పరికరం గట్టు మీద గడ్డిలో ఉంది.

గాలి లేదు. రెల్లు కదలడం లేదు. నీళ్లు మాత్రం ఎక్కడో అడుగున బుడబుడమంటున్నాయి.

ఇన్‌స్పెక్టర్ శవం చేతికున్న స్మార్ట్‌వాచ్ చూసింది. గుండె ఆగిన టైమ్ 6:12.

"ఎవరిదీ తెడ్డు?"

"పడవల పెద్దమ్మది మేడం," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "గట్టు పక్క స్థలమంతా ఆవిడదే. పడవలు బాగుచేస్తుంది, మనుషుల్ని తిడుతుంది."

చిత్తడి నేల రక్షిత ప్రాంతం. జనం వెళ్లి చూడటానికి దారి వేయాలని ఆఫీసు రెండేళ్లుగా అంటోంది. ఉన్నవి రెండే మార్గాలు. ఒకటి సర్కారు గట్టు, రెండోది పక్కనున్న పెద్దమ్మ స్థలం. గట్టు పొడవునా మూడు మీటర్ల వెడల్పుంటే దారి దాని మీదే. ఎక్కడైనా తగ్గిందా, పెద్దమ్మ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆవిడ స్థలం తీసుకుంటారు. ఇల్లూ షెడ్డూ సహా. అది తేల్చడానికే సర్వేయర్ పొద్దున్నే గట్టెక్కాడు. మర్నాడు పదకొండింటికి బహిరంగ విచారణ.

పరికరం పట్టుకుని గట్టు రెండంచుల వెంట నడిస్తే, అడుగడుక్కీ ఒక చుక్క నేరుగా మా కంప్యూటర్‌కి వస్తుంది. మధ్యాహ్నానికి మ్యాప్ గీసిచ్చాను. సగం గట్టు మూడు మీటర్ల పైనే. మిగతా సగం రెండు మీటర్లు కూడా లేదు.

"ఇంకేముంది మేడం," అన్నాడు హెడ్. "గట్టు చాలదని తెలిసింది, ఆవిడకి కోపమొచ్చింది, తెడ్డెత్తింది."

షెడ్డంతా తారు వాసన. పెద్దమ్మ బోర్లించిన పడవ మీద కూర్చుంది.

"ఆరుంబావుకి ఎక్కడున్నారు?"

"ఇక్కడే. తారు పూస్తున్నా."

"ఎవరైనా చూశారా?"

"పడవ చూసింది. అడుగు తల్లీ, చెబుతుందేమో."

"పోయిన మీటింగులో ఏమన్నారు?"

"నా పెరట్లో మేకు దింపినవాడు మళ్లీ లేవడన్నా. నా నోరు చేసినంత పని చేతులు చేస్తే ఈ షెడ్డుకి కొత్త పైకప్పు ఎప్పుడో వచ్చేది."

"తెడ్డు?"

"గట్టు కింద పడవలోనే పడుంటుంది. ఎవడైనా తీసుకోవచ్చు." గొంతు తగ్గింది. "మా ఆయన పోయాక నాకు మిగిలింది ఈ నేలే. దీన్నీ నన్నూ ఒకేసారి పట్టుకుపోతారా?"

పెద్దమ్మ స్థలం మీద మొదట్నుంచీ కన్నున్న భూసేకరణ అధికారి 7:05కి రైలు దిగాడు. టికెట్టుంది. స్టేషన్ కెమెరాలో మొహమూ ఉంది.

మిగిలింది కొంగల మాస్టారు. రిటైరైన సైన్సు టీచరు. ముప్పై ఏళ్లుగా ఇక్కడి పక్షులకి కాపలా. చిత్తడిలోకి ఎవరూ అడుగు పెట్టొద్దని, పెద్దమ్మ స్థలంలో అంగుళం కూడా తీసుకోవద్దని ప్రతి మీటింగులో మైకు పట్టుకునేది ఆయనే. శవాన్ని చూసి ఫోన్ చేసిందీ ఆయనే.

"6:12కి మీరెక్కడ?"

"టవర్ మీద. పక్షులు లెక్కపెడుతున్నా."

"ఏమైనా వినిపించిందా?"

"తీతువులు ఒక్కసారిగా లేచి అరిచాయి."

"తీతువు కూస్తే చావంటారు మేడం," గొణిగాడు హెడ్.

"ఇక్కడ చావొచ్చాకే కూసినట్టుంది లెండి," అంది ఇన్‌స్పెక్టర్.

మాస్టారు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "పాపం పెద్దమ్మ. తొందరపడింది. లాయర్‌ని నేనే పెడతాను."

సాయంత్రం ఐదింటికి ఇన్‌స్పెక్టర్ నా టేబుల్ ముందుంది.

"ఈ గీత ఇంత తిన్నగా ఎలా వచ్చిందమ్మా? మనిషి నడిస్తే ఒకడుగు అటూ ఇటూ పడదా?"

"పడుతుంది మేడం. నేనే సాపు చేస్తాను."

"చేయకముందుది చూపించు."

తీశాను. రెండో సగంలో ఒకచోట చుక్కల వరస పక్కకి ఒంగింది. నాలుగడుగుల తర్వాత మళ్లీ దారిలో పడింది.

"ప్రతి చుక్కకీ టైముంటుందా?"

ఉంటుంది. నేనెప్పుడూ చూడను. ఇప్పుడు చూశాను. చివరి చుక్క, 6:41.

మళ్లీ చదివాను. అదే. ఇన్‌స్పెక్టర్ తొణకలేదు.

"చచ్చిపోయాక అరగంట డ్యూటీ చేశాడన్నమాట. ఓవర్‌టైమ్."

మర్నాడు పదకొండు. హాలు కిక్కిరిసింది. అందరూ ఉన్నారు. ఇన్‌స్పెక్టర్ మైకు తీసుకుంది.

"పొద్దున గట్టుని మామూలు టేపుతో కొలిచాం. చివరిదాకా 3.2 మీటర్లు."

హాల్లో కలకలం రేగింది.

"సర్వేయర్ పోయాక ఎవరో ఆ పరికరం పట్టుకుని గట్టు మీద నడిచారు. కావాలని అంచులకి లోపలగా నడిచి కొలత తగ్గించారు. తన ఇల్లు పోయేలా పెద్దమ్మే కొలుచుకుంటుందా? అధికారిగారు రైల్లో ఉన్నారు."



"గట్టు తిన్నగా ఉంది. నడిచిన మనిషి మాత్రం ఒకచోట పక్కకి తప్పుకున్నాడు. వెళ్లి చూస్తే ఏమీ కనబడలేదు. మా హెడ్ పది నిమిషాలు మోకాళ్ల మీద వెతికాడు. గడ్డిలో నాలుగు గుడ్లు. మట్టి రంగు. తొక్కేదాకా తెలియవు. తీతువు గూడు." ఆమె మొదటి వరస వైపు తిరిగింది. "అది అక్కడుందని ఎవరికి తెలుసు మాస్టారూ?"

ఆయన కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"నాకే. మొన్ననే పెట్టింది."

"పరికరం వాడటం?"

"నిరుడు గూళ్లకి మ్యాప్ వేశాం. అప్పుడు నేర్పింది సర్వేయరే. గట్టు మీద దారి పడితే వేసవికల్లా ఒక్క గూడూ మిగలదమ్మా. పెద్దమ్మకి ఇంకో ఇల్లిస్తారు. వాటికెవరిస్తారు? కొలత తగ్గించి రాయమన్నాను. నవ్వాడు."

"ఆవిడ తెడ్డే ఎందుకు?"

"దగ్గర్లో అదే ఉంది."

ఆ మాట ఆయన ఎంత మామూలుగా అన్నాడంటే, హెడ్ కూడా జోకు వేయలేదు.

పెద్దమ్మ లేచి ఆయన ముందుకొచ్చింది.

"నాకోసం ఈ మైకులోనే ఏడ్చావు కదయ్యా."

"అది నాటకం కాదు పెద్దమ్మా. నిజంగానే ఏడ్చాను."

"అందుకే భయమేస్తోంది," అంది ఆవిడ.

ఆయన్ని తీసుకెళ్లాక విచారణ సాగింది. దారి గట్టు మీదుగానే వేయాలని తేల్చారు. పెద్దమ్మ తన స్థలం కాగితం నాలుగు మడతలు పెట్టి బొడ్డులో దోపుకుంది. షెడ్డుకి వెళ్లిపోయింది.

మీకూ ఇలాంటి మనిషి తగిలే ఉంటాడు. మీ పక్షాన నిలబడి, మీకోసం నిజంగానే కన్నీళ్లు పెట్టి, అవసరమొచ్చిన రోజున మీ తెడ్డే చేతికి తీసుకున్నవాడు. మీకెలా తెలిసిందో, తెలిశాక ఏం చేశారో రాసి పంపండి. ఆ మనిషి ఇంకా మీ పక్కనే ఉంటే మాత్రం, తను చూడనప్పుడు రాయండి.